ఐదో రూలు

దమయంతి ఇంట్లో సోఫాకి ఐదు రూల్సున్నాయి. గెంతకూడదని కాదు సుమా, ఎలా గెంతాలో చెప్పే రూల్సు. సాక్స్ విప్పేయాలి. ఒకరి తర్వాత ఒకరే ఎక్కాలి. సోఫా వీపు మీదికెక్కి దూకకూడదు. కింద ఎవరైనా కూర్చుని ఉంటే ఆగాలి. ఐదోది, అమ్మకి చెప్పకూడదు.

ఆ ఐదోదాన్ని ఆవిడ నవ్వుతూనే పెట్టింది. పిల్లలు కూడా నోటికి వేలడ్డం పెట్టుకుని నవ్వారు.

ఆవిడ గురించి కాస్త చెప్పుకోవాలి, లేకపోతే మీరు ఊరికే ఆడిపోసుకుంటారు. తణుకులో పన్నెండేళ్ళు ఎల్.కె.జి. టీచరుగా చేసిన మనిషి. ఏడ్చే పిల్లని చంకనేసుకుని, ఇంకో పిల్ల ముక్కు తుడుస్తూ, మూడో పిల్లాడి చేత అ, ఆలు దిద్దించగల మనిషి. భర్త జనార్ధనరావుతో కెనడాలోని ఎటోబికో వచ్చి ఎనిమిదేళ్ళయింది. ఆయన ఎయిర్‌పోర్ట్ దగ్గర ఒక వేర్‌హౌస్‌లో సెక్యూరిటీ గార్డు. ఈవిడ తొమ్మిదో అంతస్తులోని తమ అపార్ట్‌మెంట్‌లో ముగ్గురు తెలుగు పిల్లల్ని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చూసుకుంటుంది. దమయంతి ఆంటీ దగ్గర వదిలితే ఇక బెంగ అక్కర్లేదని చుట్టుపక్కల పేరు. ఆ పేరంటే ఆవిడకి ప్రాణం.

ఇంత మనిషికి ఆ ఐదో రూలెందుకయ్యా అంటే, కింద ఎనిమిదో అంతస్తులో ఒకాయనున్నాడు. రాత్రంతా ట్రక్కు నడిపి పగలు పడుకుంటాడు. పాపం, ఆయన తప్పూ లేదు. పైన పిల్లలు నాలుగడుగులు పరిగెత్తితే చాలు, చీపురు కర్రతో సీలింగ్ మీద టకటకా కొడతాడు. బిల్డింగ్ ఆఫీసు నుంచి ఇప్పటికి రెండు ఉత్తరాలొచ్చాయి. మూడోది వస్తే ఇల్లు ఖాళీ చేయమంటారేమోనని జనార్ధనరావుకి భయం. రోజూ షూస్ వేసుకుంటూ "నేల మీద మాత్రం గెంతనీయకు" అని చెప్పి గానీ గడప దాటడు.

ఇటు చూస్తే, ఆ ముగ్గురు పిల్లల్లో ఒకతైన ఇషిత వాళ్ళమ్మ రాధిక. డెంటల్ క్లినిక్‌లో పని. మంచిది, మాట మెత్తన, కానీ జాగ్రత్త ఎక్కువ. మొదటి రోజే ఒక కాగితం ప్రింట్ తీసి తెచ్చి ఫ్రిజ్ మీద తనే అంటించింది. అందులో మొదటి మాట, పిల్లలు ఫర్నిచర్ ఎక్కకూడదు, గెంతకూడదు అని.

"ఏమనుకోకండి ఆంటీ, మా ఇంట్లో కూడా ఇదే రూల్" అంది.

"అయ్యో, దాందేముందమ్మా, అలాగే" అంది దమయంతి. మనవాళ్ళు 'అలాగే' అనడానికి ఎప్పుడు ఆలోచించారు గనక.

నేల మీద గెంతితే కిందాయన, సోఫా మీద గెంతితే రాధిక. బయట చూస్తే చలి. నాలుగేళ్ళ పిల్లలు గాల్లో వేలాడాలా? ముందు నుయ్యి, వెనక గొయ్యి. సోఫా అయితే మెత్తన, చప్పుడు కిందికి పోదు. నవంబరులో ఒక ముసురు పట్టిన రోజున దమయంతి సోఫానే ఎంచుకుంది. ఆ సాయంత్రం రాధిక వచ్చి "ఏం ఆడుకున్నారు?" అంటే "బొమ్మలు వేశారమ్మా" అని చెప్పింది. బొమ్మలు వేసిన మాటా నిజమే. ఓ పావుగంట వేశారు.

ఫిబ్రవరిలో ఆ బుధవారం మిగతా ఇద్దరికీ జ్వరమని రాలేదు. ఇషిత ఒక్కతే వచ్చింది. పదకొండింటికి దమయంతి వంటింట్లో కుక్కరు దించుతుంటే హాల్లో దభీమని చప్పుడయింది.

పరిగెత్తుకెళ్ళింది. ఇషిత సోఫా వెనకాల నేల మీద కూర్చుని ఉంది. దమయంతి నోట్లోంచి వచ్చిన మొదటి మాట దెబ్బ తగిలిందా అని కాదు, "ష్, చప్పుడు" అని. అన్నట్టే కింద నుంచి చీపురు కర్ర టకటకలాడింది. అది ఆగేదాకా నిలబడి, అప్పుడు అడిగింది.

"ఎక్కడైనా తగిలిందా అమ్మా?"

"ఐయామ్ ఓకే ఆంటీ."

పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ జారలేదు. దమయంతి తల నిమిరి, వీపు తడిమి, "గుడ్ గర్ల్" అని మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పన్నెండింటికి పప్పన్నంలో నెయ్యి వేసి కలిపి పళ్ళెం ముందు పెట్టింది. ఇషిత ఎడమచేత్తో ముద్ద తీసుకుంది.

"ఆ చెయ్యి కాదమ్మా. అన్నం తినే చెయ్యేది?"

పిల్ల కుడిచెయ్యి ఒళ్ళోంచి తీయలేదు. కాసేపాగి మళ్ళీ ఎడమచెయ్యే పెట్టింది. దమయంతి ఆ చేతిని పళ్ళెంలోంచి తీసేసి తుడిచింది. మూడోసారి ఆవిడకి విసుగొచ్చింది.

"ఇదేం పాడలవాటే ఇవాళ కొత్తగా? కుడిచేత్తో తింటేనే పెరుగన్నం."

"నాట్ హంగ్రీ" అంది ఇషిత, పళ్ళెం వైపు చూడకుండా.

తణుకులో ఎంతమంది పిల్లల ఎడమచేతుల్ని అలా మాన్పించిందో ఆవిడకే గుర్తులేదు. ఈ పిల్ల నిన్నటిదాకా కుడిచేత్తోనే తిందన్న సంగతి మాత్రం తట్టలేదు.

ఒంటిగంటకి నిద్రపుచ్చుదామని స్వెట్టర్ విప్పబోయింది. కుడిచేతి దగ్గరికొచ్చేసరికి పిల్ల ఒళ్ళంతా బిగుసుకుపోయింది. కింది పెదవి పళ్ళతో పట్టుకుంది. దమయంతి మెల్లగా స్వెట్టర్ లాగి చూస్తే మణికట్టు బూరెలా వాచి ఉంది.

"ఎందుకు చెప్పలేదే నా తల్లీ?"

"యూ సెడ్ డోంట్ టెల్."

"అమ్మకి చెప్పద్దన్నాను గానీ నాకు చెప్పద్దన్నానా?"

ఇషిత చాలా ఓపిగ్గా వివరించింది. "ఇఫ్ ఐ టెల్ యూ, యూ విల్ టెల్ మమ్మీ." తర్వాత గొంతు తగ్గించి, "ఐ బ్రోక్ రూల్ త్రీ. ఐ డిడింట్ బ్రేక్ రూల్ ఫైవ్" అంది.

రెండు గంటలు. నాలుగేళ్ళ పిల్ల రెండు గంటలు ఆ నొప్పి ఓర్చుకుంది, తనకిచ్చిన మాట కోసం. దమయంతికి తన మీద తనకే అసహ్యం పుట్టింది.

భర్తకి ఫోన్ చేసింది. జనార్ధనరావు అంతా విని, "మంచులో జారిందని చెప్పు. ఈ ఊళ్ళో మంచులో పడనివాళ్ళెవరు? ఎవరూ అడగరు" అన్నాడు.

"పిల్ల మాటో?"

"నువ్వేం చెప్పమంటే అదే చెబుతుందిగా."

ఆ మాటకి దమయంతి ఇషిత వైపు చూసింది. నిజమే, చెబుతుంది.

రాధికకి ఫోన్ చేసి, పిల్ల పడింది, చెయ్యి వాచింది, టాక్సీలో ఎమర్జెన్సీకి తీసుకెళ్తున్నానని చెప్పింది. ఎలా పడిందని రాధిక అడిగితే "వచ్చాక చెబుతానమ్మా" అంది. టాక్సీ అద్దంలోంచి రోడ్డు పక్కన మంచు గుట్టలు కనిపిస్తూనే ఉన్నాయి. మంచులో జారిందని ఒక్క మాటంటే సరిపోతుంది. పేరుకి పేరూ నిలుస్తుంది, ఇల్లూ నిలుస్తుంది. ఇషిత ఎడమచేత్తో ఆవిడ కొంగు పట్టుకుని కూర్చుంది.

రాధిక క్లినిక్ బట్టల మీదే కోటు వేసుకుని పరిగెత్తుకొచ్చింది. నర్సు పిల్ల చేతికి మెత్తటి కట్టు కట్టి, ఎలా పడ్డావు బంగారూ అని ఇంగ్లీషులో అడిగింది.

ఇషిత నర్సుని చూడలేదు, అమ్మని చూడలేదు. దమయంతి మొహంలోకి చూసింది, ఏం చెప్పమంటావన్నట్టు. నర్సు రాయడం ఆపింది. రాధిక కూడా అటే చూసింది. మంచు మాట దమయంతి నాలుక చివరిదాకా వచ్చింది.

"చెప్పమ్మా" అంది చివరికి. "అమ్మకి చెప్పచ్చు."

పిల్ల నమ్మలేదు. పెదాలు ఇంకా గట్టిగా మూసుకుంది. ఇక దమయంతే చెప్పేసింది.

"సోఫా వీపు మీంచి దూకిందమ్మా. రోజూ గెంతుతారు, నేనే గెంతనిస్తాను. కిందాయన గొడవతో నేల మీద ఆడనివ్వలేక. నీకు చెప్పద్దని కూడా నేనే చెప్పాను."

అప్పుడేడ్చింది ఇషిత. పదకొండింటి నుంచి దాచుకున్నదంతా ఒక్కసారిగా, ఆ హాలంతా తిరిగి చూసేలా ఏడ్చింది. రాధిక గుండెలకి హత్తుకుంది.

ఎక్స్‌రేలో ఎముక సన్నగా చిట్లిందన్నారు. మూడు వారాలు కట్టు, అంతే, పిల్లలకి త్వరగా అతుక్కుంటుందని ధైర్యం చెప్పారు. దమయంతి మనసులో ఏడుకొండలవాడికి దణ్ణం పెట్టుకుంది. రాధిక అరవలేదు. పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అడిగింది.

"ఎన్నాళ్ళ నుంచి ఆంటీ?"

"నవంబర్ నుంచమ్మా."

"ఇంకేమేం చెప్పద్దన్నారు దానికి?"

దమయంతికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక రెండు చేతులూ జోడించింది.

"ఇంకేమీ లేదమ్మా. నా తల్లి మీదొట్టు. అదొక్కటే."

అది నిజం. నవంబరు నుంచి రోజూ సాయంత్రం నవ్వుతూ అన్నీ బాగానే ఉన్నాయని చెప్పిన నోటితోనే ఆ నిజమూ చెప్పింది. రాధిక నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. పిల్ల గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"ఇషూ, ఆంటీ ఇంకేమైనా అమ్మకి చెప్పద్దన్నారా?"

ఇషిత నోరు తెరవబోయి, తెరిచేముందు దమయంతి వైపు చూసింది.