సందెచుక్కకు మొలిచిన సిలువ

మొన్న అల్మారా సర్దుతుంటే బట్టల అడుగున నల్లటి ఫిల్ము డబ్బా ఒకటి దొరికింది. మూత టప్పుమని తీయగానే ఆ పుల్లటి మందు వాసన ముక్కుకు తగిలి, శంషాబాద్‌లో మా పాత ఇంటి డాబా, డిసెంబరు చలి, కింద వంటింట్లో గులాబీ పువ్వుల పిండివంట వేగుతున్న నూనె వాసన, అన్నీ ఒక్కసారి మీదికొచ్చాయి.

తొంభైల నాటి మాట. అప్పటికి మా వైపు విమానాశ్రయం ఊసే లేదు. ఊరు దాటితే ద్రాక్షతోటలు, జొన్నచేలు, బెంగళూరు రోడ్డు మీద లారీల లైట్లు, అంతే. డిసెంబరు రాగానే మా క్రైస్తవుల ఇళ్ళ మీద వెదురు కర్రలకు కాగితపు నక్షత్రాలు లేచేవి. అమ్మ పిండీ చక్కెరా గుడ్లూ మోసుకెళ్ళి బేకరీ పొయ్యిలో కేకు కాల్పించుకొచ్చేది. నాయినమ్మ కుంపటి పక్కన శాలువా కప్పుకుని కూర్చుని, వచ్చేపోయేవాళ్ళను అడుగుల చప్పుడుతోనే పోల్చి పిలిచేది. ఆమె రెండు కళ్ళకూ పొరలు కమ్మాయి. పండుగ కాగానే దవాఖానలో ఆపరేషన్ అని నాయిన మాట్లాడి వచ్చాడు.

నాయిన రాజేంద్రనగర్‌లో వ్యవసాయ కాలేజీ ప్రయోగశాలలో పనిచేసేవాడు. లావుపాటి నీళ్ళ పైపు అడుగున గుండ్రటి అద్దం బిగించి నాకో టెలిస్కోపు చేసిచ్చాడు. చిన్నాయనది పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసే పని. రీలు చివర ఒకటో రెండో ఫోటోలు మిగిలితే కెమెరా నా చేతికిచ్చేవాడు. కాబట్టి ఊళ్ళో ఎవరి పెళ్ళైనా వాళ్ళకంటే నాకే ఎక్కువ సంబరం. చుట్టాలు ఎగబడి రీలంతా ఊడ్చేస్తే మాత్రం ఏడుపొచ్చేది.

అలా మిగిలిన ఒక ఫోటోలో, కెమెరాను టెలిస్కోపుకు ఆనించి, ఆ ఏటి సందెచుక్కను, అంటే శుక్రుణ్ణి పట్టాను. కడిగించి తెచ్చి చూద్దును కదా, తెల్లటి చుక్క చుట్టూ నాలుగు కాంతిరేకలు, అచ్చం సిలువ! చిన్నాయన పొంగిపోయి దాన్ని పెద్దది చేయించాడు. చర్చిలో పెట్టాలని పెద్దలు ముచ్చటపడ్డారు. నాయినమ్మ ఫోటోను కిటికీ వెలుగులో కంటికి ఆనించుకుని, సిలువను వేలితో తడిమి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఇగ కత్తెందుకు బిడ్డా? దేవుడే గుర్తు పంపిండు. కండ్లు గూడ ఆయననే ఇస్తడు," అంది.

నాయిన బతిమాలాడు, చిన్నాయన కసిరాడు. మా ఇంటి ఆడవాళ్ళు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు కదా, ఆమె వినలేదు. నా ఫోటో మూలంగా ఆమె చూపు శాశ్వతంగా పోతే? ఆ సిలువ ఎక్కడినుంచి వచ్చిందో తేల్చకుండా ఊరుకోకూడదనుకున్నాను.

ముందు కెమెరాను అనుమానించాను. దానితోనే తీసిన పెళ్ళికూతురి ముక్కుపుడక మెరుపులో ఏ రేకలూ లేవు. టెలిస్కోపు అద్దం మీద దుమ్మేమోనని కడిగి, ఆరబెట్టి, మసక వేళ మళ్ళీ కన్నానించి చూశాను. సిలువ చెక్కుచెదరలేదు. విసుగొచ్చి పైపు మూతిలోకి తొంగిచూస్తే అప్పుడు తట్టింది. లోపలి చిన్న అద్దాన్ని మధ్యలో నిలబెట్టడానికి నాయిన నాలుగు రంపపు బ్లేడు ముక్కలు అడ్డంగా, నిలువుగా బిగించాడు. చుక్క వెలుగు వాటి అంచులకు తగిలి చీలుతోంది.

ఇదంతా చెబితే నాయినమ్మ తోక తొక్కిన పాములా లేచింది. "నీ పైపుకన్న దేవుడు చిన్నోడా?"

మాటతో లొంగే మనిషి కాదు, ఫోటోతోనే చెప్పాలి. చీపురు నుంచి రెండు ఈనెపుల్లలు లాగి, ఆ బ్లేడ్ల సందుల్లో ఏటవాలుగా పడేట్టు పైపు మూతికి దారంతో కట్టాను. చిన్నాయన చర్చిలో ఒక పెళ్ళి ముగించుకొచ్చేదాకా కాచుకుని, మిగిలిన ఒకే ఒక్క ఫోటో అడిగి తీసుకున్నాను. డాబా మీద ఊపిరి బిగబట్టి మీట నొక్కాను. పండుగ ఇంకా రాకముందే ఫోటో చేతికొచ్చింది. ఈసారి చుక్కకు ఎనిమిది రేకలు.

నాయినమ్మ ఫోటోను మళ్ళీ కంటికి ఆనించుకుని, వాటిని వేలితో తడుముకుంటూ లెక్కపెట్టింది.

"గీ రెండో సిలువ యాడికెల్లొచ్చింది?"

"నేనే పెట్టిన నాయినమ్మా. చీపురుపుల్లలతోటి."

తిడుతుందనుకున్నాను. కుంపటిలో నిప్పులు కదిలించింది. తర్వాత మెల్లగా, "కత్తంటె భయమైతుందే. గందుకే గా గుర్తు వట్టుకొని కూసున్న," అంది. నా మీద నాకున్న గర్వమంతా ఆ మాటతో దిగిపోయింది. ఆమె చేయి పట్టుకున్నాను.

"నువ్వొస్తవా దవాఖానకు?"

"ఒస్త. నీ పక్కనే ఉంట."

ఉన్నాను. కట్టు విప్పాక ఒక సాయంత్రం ఆమెను డాబా మీదికి ఎక్కించాను. టెలిస్కోపు వద్దంది. పడమటికి తిరిగి, మెడ చాచి, తన కళ్ళతోనే సందెచుక్కను చూసింది. "ఉత్త చుక్కనే. గిట్లనే మంచిగున్నది," అని నవ్వింది.

ఆ ఇల్లు రోడ్డు వెడల్పులో పోయింది. ద్రాక్షతోటలు పోయాయి, రీళ్ళు కడిగే స్టూడియో పోయింది. నేనిప్పుడు అత్తాపూర్‌లో ఉంటున్నాను. సాయంత్రం బాల్కనీలోంచి పడమట ఏదైనా మెరిస్తే అది కదులుతుందా లేదా అని కాసేపు ఆగి చూడాలి, చాలాసార్లు శంషాబాద్‌లో దిగబోయే విమానమే అవుతుంది. నిజంగా చుక్కే అయిన రోజున, చూడమని పిలవడానికి పక్కకు తిరుగుతాను. అక్కడ నాయినమ్మ ఉండదు.