రంగు కళ్లు

1956 మార్చి రెండో ఆదివారం నంద్యాల సమీపంలోని ఒక పాత సంస్థానపు మహలు చూశాను. అక్కడ పద్దెనిమిది వర్ణచిత్రాలు, ఏడు రాతి విగ్రహాలు ఉన్నాయి. నల్లరాతి అమ్మవారి కళ్లలో జీవం ఉట్టిపడుతున్నదని నా పుస్తకంలో రాసుకుంటూ ఉండగా, పక్కనే నిలబడిన వృద్ధుడు కేక వేశాడు. ఆయన ఆళ్లగడ్డ శిల్పి.

"ఈ కండ్లు పెట్టిందెవరప్పా?"

"నేనే," అన్నాడు మహలు కాపలాదారు. "బోసిగా ఉండెనని రంగేసినా. నీకేందీ నొప్పి?"

"ఇది మా నాయన చేసిన బొమ్మ. గుడిలో నిలబెట్టినాకనే మేము ఉలితో కండ్లు తెరుస్తాం. అప్పుడే అది దేవతైతాది. గుడికని చేయించుకోని, నీ దొర ఈడ అలంకారానికి పెట్టుకున్యాడు. కండ్లు తెరవమని ఎన్నిసార్లు పిలిచినా మా నాయన రాలేదు. ఆయన చెయ్యనంటే చెయ్యననిన పని నువ్వు కుంచెతో చేస్తావా?"

శిల్పి తన కండువాతో ఆ కళ్లను రుద్దసాగాడు. పొడిగుడ్డకు రంగు కదలలేదు.

కాపలాదారు నా వైపు తిరిగి, "సామీ, మీరు చదువుకున్నోల్లు. కండ్లు బాగుండాయని ఇప్పుడే రాసుకుంటిరి గదా! ఈ ముసలాయప్పకు చెప్పండి," అన్నాడు.

ఒక తండ్రి పట్టుదల మీద పూసిన రంగును నేను కూడా మెచ్చుకున్నానన్న ఆగ్రహం ఈనాటికీ నాలో చల్లారలేదు. ఆ వాక్యాన్ని కొట్టివేశాను. నా మరచెంబు మూత విప్పి, శిల్పి కండువా మీద నీళ్లు పోశాను.