చేమంతి కప్పు

కెనడాలో, ఒంటారియోలోని లండన్‌లో నేను చదువుకున్న రోజుల్లో రూము దొరకడమంటే మాటలు కాదు. ఎక్కడ చూసినా మేం స్టూడెంట్లమే. ఒక్కో బేస్‌మెంట్‌లో ఆరేడుగురు సర్దుకునేవారు. నా అదృష్టం కొద్దీ రిటైరైన ఒక తెలుగు డాక్టరమ్మ ఇంటి బేస్‌మెంట్‌లో నాకొక్కదానికే గది దొరికింది. ఆవిణ్ని ఆంటీ అనేదాన్ని. భర్త పోయాక ఆ ఇంట్లో ఒక్కతే ఉండేది.

ఆంటీకి ఆరు జపాను పింగాణీ కాఫీ కప్పులుండేవి. భర్తతో జపాన్ వెళ్లినప్పుడు కొన్నవట. అన్నీ చేత్తో వేసిన పూలే, కప్పుకో రకం. వాటిలో నాకు పేరు తెలిసింది చేమంతి ఒక్కటే. చుట్టూ నీలం ఆకులు, మధ్యలో బంగారు రేకులు. ఆవిడ పొద్దుటి ఫిల్టర్ కాఫీ ఎప్పుడూ అందులోనే. "వీటి జోలికి రాకమ్మా, నేనే కడుక్కుంటా" అని మొదటి రోజే చెప్పింది.

ఒక శనివారం ఆంటీ, "నెలాఖరుకి మా మేనకోడలు వస్తానంటోంది. నీ గది సంగతి ఆలోచించాలి" అంది. ఆ చలిలో పెట్టె పట్టుకుని ఎక్కడికి పోను? ఎలాగైనా ఆవిణ్ని మంచి చేసుకోవాలని, ఆవిడ గ్రోసరీకి వెళ్లగానే వంటిల్లంతా తుడిచాను. దేవుడి దగ్గరి ఇత్తడి కుందులు చింతపండు, ఉప్పు పెట్టి తోమాను. తళతళలాడాయి. అక్కడితో ఆగొచ్చుగా? సింకులో కాఫీ మరకతో చేమంతి కప్పు కనిపించింది. బంగారం కూడా మసకేసినట్టుంది. చింతపండుతో ఇత్తడి మెరిసినప్పుడు బంగారం మెరవదా అనుకున్నాను, తెలివి తెల్లారినట్టే ఉంది. స్టీలు పీచుతో దాన్నీ పట్టి తోమాను. నీళ్లు పోసి చూస్తే పువ్వు లేదు. ఆకులే ఉన్నాయి.

కప్పు తుడిచి, బొమ్మ ఉన్న వైపు గోడకి తిప్పి అల్మరాలో పెట్టేశాను. రెండు రోజులు అన్నం సహించలేదు. పైన వంటింట్లో గిన్నె చప్పుడైతే చాలు, నా సూట్‌కేసు వంక చూసేదాన్ని. బొమ్మ కనపడక ఆ రెండు రోజులూ ఆవిడ వేరే కప్పులో తాగినట్టుంది. చేమంతిది తానే కడిగి పెట్టాననుకుందేమో, నన్నేమీ అడగలేదు.

మూడో రోజు ఆంటీ పైకి పిలిచింది. కప్పు ఆవిడ చేతిలో ఉంది.

"దీని మీద పువ్వు ఉండేది కదమ్మా?"

"ఏమో ఆంటీ. ముందునుంచీ ఆకులేనేమో" అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. కప్పు వంకే చూస్తూ కుర్చీలో కూలబడింది. "పదహారు రేకులని లెక్కపెట్టిన గుర్తు. ఆయనే చూపించారు" అని గొణిగింది. ఫోన్ తీసి ఎవరినో అపాయింట్‌మెంట్ అడిగింది. మెమరీ టెస్టుకి అని చెప్పడం నాకు స్పష్టంగా వినిపించింది. ఫోన్ పెట్టేసి, "మా అమ్మకీ మతిమరుపు ఇలాగే మొదలైంది" అంది. ఎంతమంది నాడి చూసిన చెయ్యో, ఆ కప్పు మీద పువ్వు కోసం తడుముతోంది.

అప్పటిదాకా నాకున్నదీ ఒక భయమేనా? నా మీద నాకే అసహ్యం వేసింది.

"నేనే ఆంటీ. చింతపండు పెట్టి తోమేశా. పువ్వు పోయింది. అబద్ధం చెప్పా. గది ఖాళీ చేసేస్తా" అని ఏడ్చేశాను.

ఆవిడ గబుక్కున నా మణికట్టు పట్టుకుంది. "గది సంగతి తర్వాత. పువ్వు ఉండేదా?"

"ఉండేది ఆంటీ. బంగారు చేమంతి."

ఆవిడ కళ్లు మూసుకుంది. పట్టు మాత్రం వదల్లేదు.

"ఇంకోసారి చెప్పమ్మా" అంది.