కాన్పు క్లాసులో శేషమ్మ ఆంటీ డౌట్లు

శేషమ్మ ఆంటీకి డౌట్లొస్తాయి. అందరికీ వస్తాయనుకోండి, కానీ మనం మింగేస్తాం. ఆవిడ మింగరు. చెయ్యెత్తి, నలుగురికీ వినపడేలా అడిగేస్తారు.

అమెరికాలోని నోవై అనే ఊళ్లో, మా కింది అపార్ట్‌మెంట్లోనే కూతురు స్మృతి దగ్గర ఉంటారావిడ. మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్ ఈవిడని రెండు ప్రశ్నలడిగితే, ఈవిడ అతన్ని తొమ్మిదడిగారట. "పొద్దుట్నుంచీ కూర్చునే ఉన్నారా? నడుం పట్టెయ్యదూ?" అనేసరికి అతను గబగబా స్టాంపు కొట్టి పంపేశాడని స్మృతి చెప్పింది. ఒక గృహప్రవేశంలో అయితే పంతులుగారు మంత్రం ఆపేసి, "అమ్మా, ముహూర్తం దాటిపోతోంది, మిగతావి భోజనాల దగ్గర అడగండి," అని దండం పెట్టారు.

అలాంటావిడతో నేను కాన్పు క్లాసుకి వెళ్లాల్సొచ్చింది.

నాకప్పుడు ముప్పై నాలుగో వారం. మేం ఆ అపార్ట్‌మెంట్‌కొచ్చి మూడు నెలలే. మా ఆయన రఘువీర్ కార్ల బ్రేకులు పరీక్షించే ఇంజినీరు. చలికాలమంతా ఎక్కడో ఉత్తరాన, గడ్డకట్టిన సరస్సు మీద కార్లు జారిస్తూ ఉంటాడు. ఆ వారమూ అక్కడే ఇరుక్కుపోయాడు. "ఈ మంచులో ఒక్కదానివే డ్రైవ్ చేస్తావా దేదీప్యా? నేనొస్తా పద," అంటూ ఆంటీ స్వెటర్ మీద స్వెటర్ తొడుక్కుని వచ్చి కార్లో కూర్చున్నారు.

నన్ను అప్పటికే ఒక భయం పీక్కుతింటోంది. మొదటి కాన్పులో కింద చిరుగుతుందని, కుట్లు పడతాయని చదివిన దగ్గర్నుంచి నాకు మనశ్శాంతి లేదు. అమ్మనడగాలంటే సిగ్గు, డాక్టర్నడగాలంటే సిగ్గు. రఘువీర్‌నడిగితే అతనే కళ్లు తిరిగి పడతాడు.

క్లాసులో ఎనిమిది జంటలున్నాయి. మాది తొమ్మిదో జంట. నేర్పే నర్సు క్యాథీ ఒక బొమ్మ చూపించి, "దీన్ని పెరీనియల్ మసాజ్ అంటారు. బిడ్డ బయటికొచ్చే దారి కిందిభాగాన్ని నూనెతో మెల్లగా సాగదీసి అలవాటు చేయడం. చిరిగే అవకాశం తగ్గుతుంది," అంది. భర్తలందరూ ఒక్కసారిగా తమ బూట్లు చూసుకున్నారు. నేను పైకప్పు పలకలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"వన్ డౌట్!" ఆంటీ చెయ్యి లేచింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏ వేలితో?"

"బొటనవేళ్లతో. అంగుళం లోపలికి పెట్టి, కిందికీ పక్కలకీ నొక్కాలి."

"గోళ్లో?"

"కత్తిరించుకోవాలి. చేతులు శుభ్రంగా కడుక్కోవాలి."

"కొబ్బరినూనె పనికొస్తుందా?"

"వాసనలేవీ కలపనిదైతే వాడొచ్చు."

"ఈ చలికి రాయిలా గడ్డకడుతుందే!"

"అరచేతుల్లో వెచ్చబెట్టండి."

"ఎంతసేపు? మంటపుడితే?"

"ఓ ఐదు నిమిషాలు, వారానికి ఒకటి రెండుసార్లు. లాగినట్టుంటుంది. నొప్పి పుడితే ఆపేయాలి. ముందు మాత్రం మీ డాక్టర్నడగండి."

"పొట్ట అడ్డమొచ్చి చెయ్యి అందకపోతే?"

"భర్త సాయం చేయొచ్చు."

"ఆయన సరస్సు మీదున్నాడు!"

క్లాసంతా నావైపు తిరిగింది. "ఆంటీ, ప్లీజ్, చాలు," అని స్వెటర్ పట్టుకు లాగాను. స్వెటర్ సాగింది గానీ చెయ్యి దిగలేదు.

"లాస్ట్ డౌట్," అన్నారు ఆంటీ, ఈసారి గొంతు తగ్గించి. "ఇవన్నీ చేశాక కూడా చిరిగితే, పిల్ల సరిగ్గా చేయలేదనా అర్థం?"

పైకప్పు పలకల లెక్క తప్పింది. నేను ఎవరితోనూ అనని మాట అది.

"కానే కాదు," అంది క్యాథీ. "ఎవరి తప్పూ కాదు. కుట్లు వేస్తాం. చాలామందికి కొన్ని వారాల్లో మానిపోతుంది." ముందు వరసలో ఓ ఎర్రజుట్టు అమ్మాయి గట్టిగా ఊపిరి వదిలింది. నేనూ వదిలాను.

బ్రేక్‌లో క్యాథీ నా పక్కకొచ్చి నవ్వింది. "ఈవిడ ఈ క్లాసుకి రావడం ఇది ఆరోసారి. ప్రతిసారీ ఓ కొత్త అమ్మాయిని వెంటబెట్టుకుని వస్తుంది, ఇవే ప్రశ్నలు అడుగుతుంది. ఇండియాలో ఇరవై ఆరేళ్లు లేబర్ రూమ్ నర్సుగా చేసిందిగా, జవాబులు నాకంటే తనకే బాగా తెలుసు!"

నేను నేరుగా ఆంటీ దగ్గరికెళ్లాను. "అన్నీ తెలిసి నన్నిలా నిలబెడతారా? ఇంట్లోనే చెప్పొచ్చుగా!"

"చెబితే వింటావా? 'ఆంటీ, ప్లీజ్' అని పారిపోతావు. ఇక్కడైతే పారిపోలేవు. నోరు తెరిచి అడగలేక, భయంతో బిగుసుకుపోయిన పిల్లల్ని ఎంతమందిని చూశానో! ఆ సిగ్గేదో నేను పడితే పోలా? నా మొహం ఏమైనా అరిగిపోతుందా?"

ఆవిడ మీద ఒక్కసారిగా ప్రేమ ముంచుకొచ్చింది. కావిలించుకుందామంటే నా పొట్ట అడ్డం. సగమే కుదిరింది.

తర్వాతి అపాయింట్‌మెంట్‌కీ ఆంటీయే తోడొచ్చారు. డాక్టరమ్మ చూడటం ముగించి, తలుపు మీద చెయ్యేసి, "ఏమైనా అడగాలా?" అంది. ఆర్నెల్లుగా "నో, థాంక్యూ" అనే అంటున్నాను. అలవాటుగా ఆంటీవైపు చూశాను. ఆవిడ చేతులు కట్టుకుని కిటికీలోంచి మంచు చూస్తున్నారు.

"ఏడు డౌట్లున్నాయి," అన్నాను.

డాక్టరమ్మ తలుపు వదిలేసి, స్టూల్ లాక్కుని కూర్చుంది.