నాలుగో అంతస్తు మీది ముఖం

ఆ రోజుల్లో మాదాపూర్ దారిలో తలెత్తి చూస్తే, కొత్తగా లేస్తున్న ప్రతి బిల్డింగ్‌కూ ఒక మనిషి వేలాడుతూ కనిపించేవాడు. లోపల గడ్డి, పైన పాత ప్యాంటూ షర్టూ, మెడ మీద బోర్లించిన కుండ, కుండ మీద సున్నంతో కళ్ళూ కోరలూ. గుట్టలు పేల్చి, నేల చదును చేసి, ఎక్కడెక్కడి నుంచో అద్దాలు తెప్పించి కట్టే మేడలవి. రేపు వాటిలో కూర్చునేవాళ్ళు కంప్యూటర్ల ముందు ఇంగ్లీషు తప్ప మాట్లాడరు. అయినా సరే, దిష్టిబొమ్మ లేకుండా ఒక్క స్లాబూ పడేది కాదు. పెద్ద చదువులు చదివిన ఇంజనీర్లే ముందుగా గుర్తు చేసేవాళ్ళు. నవ్వనక్కర్లేదు, అంత మేడ కట్టే స్తోమతుంటే మనమూ కట్టించేవాళ్ళమే.

అలాంటి ఒక బొమ్మకు రాజనర్సు చేతిలో నిజం మనిషి ముఖం వచ్చింది. తంటా అంతా దాంతోనే మొదలైంది.

రాజనర్సుది చేర్యాల దగ్గర చిన్న ఊరు. నకాషీవాళ్ళు. ఊరూరా తిరిగి కథలు చెప్పేవాళ్ళకు పటాలు రాసివ్వడం, రంపపు పొట్టులో చింతగింజల జిగురు కలిపి బొమ్మలు చేసివ్వడం ఆ ఇంటి పని. ఇంటింటికీ టీవీ వచ్చాక కథ వినేవాళ్ళు తగ్గారు. కథ చెప్పేవాళ్ళు మేస్త్రీల వెంట పోయారు. పటం అడిగే దిక్కు లేకుండా పోయింది. అదే ఏడు భార్య కూడా జబ్బుచేసి పోయింది, పిల్లలు లేరు. నలభై దాటిన వయసులో అతను పట్నం బస్సెక్కి, మూసాపేటలో ఒక గది కిరాయికి తీసుకుని, పెయింటింగ్ పనిలో చేరాడు. పెయింటింగ్ అంటే బొమ్మలనుకునేరు. గోడకు లప్పం పెట్టడం, గీకుడు కాగితంతో రుద్దడం, మళ్ళీ లప్పం పెట్టడం, చివరికి తెల్లరంగు కొట్టడం. దేవుళ్ళకూ రాక్షసులకూ కళ్ళు తీర్చిన చెయ్యి ఆరేళ్ళుగా గోడలు తెల్లగా చేస్తోంది. నున్నగా ఆరిన గోడను చూస్తే దాని మీద ఏదో ఒకటి రాయాలని అతని వేళ్ళు దురద పెట్టేవి.

ఆ ఏడు, అంటే తొంభై ఎనిమిదిలో, అతను పనిచేస్తున్నది రంగనాథ్ అనే అనంతపురం కాంట్రాక్టర్ కడుతున్న ఐదంతస్తుల బిల్డింగ్‌లో. అక్కడ వాచ్‌మన్ నర్సయ్య. అతని భార్య ఈరమ్మ గోడలకు నీళ్ళు కొట్టేది. గేటు పక్కన రేకుల గదిలో ఇద్దరూ ఉండేవాళ్ళు. మధ్యాహ్నం రాజనర్సు సద్ది అక్కడే విప్పేవాడు. ఈరమ్మ అతణ్ణి ‘అన్నా’ అని పిలిచేది, పచ్చిపులుసు గిన్నె అతని వైపు జరిపేది. ఈ పట్నంలో అతనికున్న చుట్టరికం అదొక్కటే.

ముందువైపు నీలి అద్దాలు బిగించడం మొదలుపెట్టిన వారం, దారిన పోయేవాళ్ళంతా ఆగి చూడడం రంగనాథ్ కంటపడింది. అప్పటిదాకా ఉన్న కుండ బొమ్మ గాలికి పడి పగిలిపోయి ఉంది.

“ఈ అద్దాలకు కుండ బొమ్మ ఏం సరిపోతాదప్పా? జనం కళ్ళన్నీ మన మీదే ఉండాయి. గట్టిది కావల్ల,” అన్నాడు.

“నేను చేస్త సార్,” అన్నాడు రాజనర్సు. ఆరేళ్ళలో అతను అడగకుండా నోరు విప్పడం అదే మొదలు.

నాలుగు రోజులు పట్టింది. రంగనాథ్‌ది ఒక పాత ప్యాంటూ, పొడుగు చేతుల చొక్కా, ఎవరో ఇంజనీర్ వదిలేసిన టై తెచ్చి రాజనర్సు గడ్డి కూరాడు. తలకు మాత్రం కుండ పెట్టలేదు. జీడిమెట్లలో ఒక కట్టెల మిషన్ నుంచి రంపపు పొట్టు తెచ్చాడు. చింతగింజలు వేయించి, నానబెట్టి, నూరి, జిగురు వండాడు. కోరలు పెడదామనే కూర్చున్నాడు, ఆ మాట అబద్ధం కాదు. కానీ కోరలు అతను లెక్కలేనన్ని రాశాడు. ఎదురుగా నీడలో నర్సయ్య బీడీ కాలుస్తూ కూర్చుని ఉన్నాడు. ఒక పక్కకు వంగిన ముక్కు, పొదలాంటి మీసం, మధ్యలో తెగిన ఎడమ కనుబొమ్మ. వేలు ఆ ముక్కు వైపు వంగింది. చెంప ఎముక దానంతటదే లేచింది. పటాల మీద రాసేవాళ్ళు ఎన్నడూ బతికున్న మనిషిని చూసి రాయలేదు, రాజుకొక కన్ను, రాక్షసునికొక కన్ను అని తాతలు పెట్టిన కొలతలున్నాయి. ఆ కొలతలన్నీ ఆ పూట పక్కకు పోయాయి. రంగు ఆరేసరికి తలలో నుంచి నర్సయ్య చూస్తున్నాడు.

దిష్టిబొమ్మకు ఎవరి ముఖమూ ఉండకూడదు. అది ఎవరూ కాకపోబట్టే అందరి కళ్ళూ దాని మీద పడొచ్చు. ఈ సంగతి రాజనర్సుకు తెలియక కాదు. సంతోషంలో మర్చిపోయాడు.

బొమ్మను నాలుగో అంతస్తు అంచున కూర్చోబెట్టారు. కాళ్ళు బయటికి వేలాడుతున్నాయి, వెనక నీలి అద్దం, అద్దంలో మబ్బులు. టై కట్టుకున్న నర్సయ్య ఆకాశంలో కూర్చుని రోడ్డు చూస్తున్నట్టుంది. కూలీలంతా కిందినుంచి సలాములు కొట్టారు. నర్సయ్యకైతే పట్టపగ్గాల్లేవు.

“అరె, నేనే గదరా! జిందగిల టై గట్టలే, గీడ గట్టిచ్చిండు రాజనర్సు!”

“భలే చేసినావప్పా!” అన్నాడు రంగనాథ్. పక్క సైట్లవాళ్ళు వచ్చి చూసి, మాకూ ఒకటి చేసిపెట్టమన్నారు. ఆ వారమంతా రాజనర్సు నేల మీద నడవలేదు. గదికి పోయి అన్నం వండుకుంటూ తనలో తాను నవ్వుకునేవాడు.

ఈరమ్మ అప్పుడు సైట్‌లో లేదు. చెల్లెలి కాన్పని ఊరికి పోయి పది రోజులకు వచ్చింది. కొత్తగూడ దగ్గర బస్సు దిగి, సంచి నెత్తిన పెట్టుకుని నడుస్తూ, దూరం నుంచే మొగుణ్ణి నాలుగో అంతస్తు మీద చూసింది. సంచి కింద పడేసింది. గేటు దాకా ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు.

“ఏందిది? ఎవరు జేసిండ్రు?” అని అడిగింది. రాజనర్సు నవ్వుతూ ముందుకు వచ్చాడు.

“నీకేమన్న తెలివుందా? గీ రోడ్డు మీద పోయేటోళ్ళ కండ్లన్ని దాని మీద వడాలె అని వెడ్తరు బొమ్మను. నా మొగుడు దొరికిండా నీకు? లోకంల దిష్టంత నా ఇంటి మీదికి దెస్తవా?”

నర్సయ్య నవ్వి ఊరుకోమన్నాడు. ఆమె ఊరుకోలేదు. ఆ రోజు ‘అన్నా’ అన్న మాట ఆమె నోట రాలేదు. పచ్చిపులుసు గిన్నె కదల్లేదు.

నాలుగు రోజులకు నర్సయ్యకు జ్వరం పట్టుకుంది. ఎండదెబ్బ అనుకున్నారు. వారం గడిచినా దిగకపోతే దవాఖానకు తీసుకుపోయారు. టైఫాయిడ్ అన్నారు, మందులిచ్చారు. సైట్ నీళ్ళు తాగేవాళ్ళలో ఆ ఎండాకాలం ముగ్గురికి వచ్చింది టైఫాయిడ్. కానీ ఆ ముగ్గురిలో నాలుగో అంతస్తు మీద ముఖం ఉన్నది ఒక్కడికే. ఈరమ్మ అప్పటినుంచి తిట్టడం కూడా మానేసింది. ఎదురైతే పక్కకు తిరిగిపోయేది. తిట్టినప్పుడు రాజనర్సు తట్టుకున్నాడు, ఇది తట్టుకోలేకపోయాడు. నర్సయ్యకు ఏమన్నా అయితే తన చేతులు తాను ఎట్లా చూసుకుంటాడు?

రంగనాథ్ దగ్గరికి పోయి బొమ్మను దించుతానన్నాడు.

“దించేకి లేదప్పా. వచ్చే నెల ఓపెనింగ్‌కి ముహూర్తం పెట్టినాము. పూజ అయ్యేదాకా దాన్ని కదిలిస్తే నాకు మా ఇంట్లో కూడు పెట్టరు. ముఖం మార్చుకో కావాలంటే. ముఖం మాత్రం ఉండాల.”

రాజనర్సు రేకుల గది దగ్గరికి వెళ్ళి, బయటే నిలబడి, “చెల్లె, గా మొఖం మీద రాక్షసుని రాస్త. కోరలు వెడ్త. ఇగ అది నర్సయ్య గాదు,” అన్నాడు.

ఈరమ్మ గడపలోకి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“మంచంల వడ్డ మనిషి మొఖానికి కోరలు వెడ్తవా? గదొక్కటే తక్వుంది.”

ఆమె అన్నది నిజమే అనిపించింది. ముఖం చెరపడం, నల్లరంగు పూయడం, కోరలు పెట్టడం, ఏది చేసినా నర్సయ్యకు చేసినట్టే. ఆ ముఖం ఇంకో మనిషి ముఖమైపోవాలి. ఎవరి ముఖం? ఆ సాయంత్రం మూసాపేట దాకా బస్సులో నిలబడి అతను ఒక్కొక్కరినీ చూశాడు. టికెట్లు కొట్టే కండక్టర్, కూరల గంప పట్టుకున్న ముసలామె, బాచుపల్లి కాలేజీ బ్యాగు వేసుకున్న అమ్మాయి. ప్రతి ముఖం వెనకా ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు ఎవరో ఒకరున్నారు. బస్సు దిగేసరికి ఇంక వెతకాల్సిన పని లేకుండా పోయింది.

ఆదివారం సైట్‌కు సెలవు. పొద్దున్నే జిగురు డబ్బా, రంగులు, చిన్న కత్తి పట్టుకుని నాలుగో అంతస్తుకు ఎక్కాడు. నడుముకు తాడు కట్టుకుని, అంచున బొమ్మ పక్కన కూర్చున్నాడు. అద్దం తేవడం మర్చిపోయానని అనుకుంటూ వెనక్కి తిరిగాడు. నిలువెత్తు నీలి అద్దంలో ఇద్దరు మనుషులు కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని ఉన్నారు. ఒకరికి టై ఉంది.

మీసం గీకేశాడు. తెగిన కనుబొమ్మ పూడ్చాడు. ముక్కు నిలబెట్టాడు, చెంపలు లోపలికి నొక్కాడు. పూసిన జిగురు ఎండకు గంటలో గట్టిపడేది. తర్వాత అద్దంలో తనను చూసుకుంటూ రాయడం మొదలుపెట్టాడు. ఇది అన్నిటికన్నా కష్టమైంది. నర్సయ్య ముఖంలో పట్టుకోవడానికి మీసముంది, గాటు ఉంది. తన ముఖంలో ఏమీ లేదు. ఇన్నేళ్ళు ఈ ముఖం పెట్టుకుని తిరిగినా దీన్ని ఒక్కసారైనా సరిగ్గా చూడలేదని అతనికి తెలిసి జాలేసింది. కళ్ళ కింద సంచులు, నుదుటి మీద ఎండిన లప్పం మరక, మాట్లాడదామా వద్దా అన్నట్టుండే పెదవులు. మరకతో సహా రాశాడు. పొద్దు వాలేసరికి దిగివచ్చి, ఎవరికీ చెప్పకుండా గదికి పోయాడు.

సోమవారం పొద్దున కూలీలు తలెత్తి చూశారు.

“నర్సయ్య ఏడవాయె? గిదెవరు?”

“ఎవలో పటేల్ అనుకుంట.”

“కాదు, మునుపటి సూపర్‌వైజర్ లేడా, గాయన లెక్కుండు.”

పక్కనే లప్పం కలుపుతున్న రాజనర్సు తల దించుకుని వింటూ ఉండిపోయాడు. ఆరేళ్ళుగా కలిసి పనిచేస్తున్నవాళ్ళు. ఒక్కరూ పోల్చలేదు. రంగనాథ్ కూడా వచ్చి, “ఎవరప్పా ఈయప్ప? బాగుండాడు,” అని లోపలికి పోయాడు.

ఆ వారంలోనే నర్సయ్య జ్వరం దిగింది. మందుల వల్లనే దిగిందని డాక్టర్ అంటాడు, ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. ఆదివారం సాయంత్రం ఈరమ్మ, మొగుడికి గంజి తాగించి, ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి తలెత్తి నాలుగో అంతస్తు వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత గేటు దగ్గర, నర్సయ్యను పలకరించడానికి వచ్చి లోపలికి రావడానికి జంకుతున్న రాజనర్సును చూసింది.

“అన్నా,” అంది. “గది నువ్వే గదా.”

అతను అరచేత్తో నుదురు తుడుచుకున్నాడు.

“నీకు దిష్టి దీసేటందుకు ఎవరున్నరు?”

“ఎవరున్నరు చెల్లె. ఎవరు లేరనే వెట్టిన.”

ఈరమ్మ నోరు నొక్కుకుంది. అతని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ఇటుకల మీద తూర్పు ముఖంగా కూర్చోబెట్టింది. లోపలికి పోయి గుప్పెట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు తెచ్చింది. తల చుట్టూ మూడుసార్లు ఇటు, మూడుసార్లు అటు తిప్పింది.

“ఊరోళ్ళ దిష్టి, వాడోళ్ళ దిష్టి, కార్లల్ల పోయేటోళ్ళ దిష్టి, కాంట్రాక్టర్ల దిష్టి, పాపిష్టి కండ్లన్ని పటపట పేలాలె...”

పొయ్యిలో వేస్తే ఉప్పు పటపటమంది. భార్య పోయాక అతని తల చుట్టూ ఒక చెయ్యి తిరగడం అదే మొదలు. రాజనర్సు ఏడ్చాడు. పొగ వల్ల అనుకున్నట్టు ఈరమ్మ ముఖం తిప్పుకుంది. ఓపెనింగ్ దాకా ప్రతి ఆదివారం రమ్మంది. అతను వచ్చాడు.

ముహూర్తం నాడు పూజ చేశారు, గుమ్మడికాయ కొట్టారు, బొమ్మను దించి వెనక బండల్లో తగలబెట్టారు. తన ముఖం కాలుతుంటే రాజనర్సుకు నవ్వే వచ్చింది. పని అయిపోయింది, రేపటినుంచి కొండాపూర్‌లో ఇంకో సైట్.

ఆ తర్వాతి ఆదివారం, నర్సయ్యకూ ఈరమ్మకూ చెప్పి పోదామని వచ్చాడు. ఈరమ్మ గుప్పెట్లో ఉప్పు పట్టుకుని రేకుల గది ముందు నిలబడి ఉంది.

“ఇంకెందుకు చెల్లె? బొమ్మను కాలవెట్టిరి గదా.”

“నేను బొమ్మకు దీసిన్నా అన్నా, ఇన్ని రోజులు?” అంది ఈరమ్మ. “కూసో.”

రాజనర్సు కూర్చున్నాడు.