క్లైమాక్స్ వచ్చేసారికి

ప్రపంచంలోకెల్లా గొప్ప సినిమాలేవో ప్రేక్షకులే ఓట్లు వేసి తేల్చారట. ఆ వరుస ఫోన్లో దొరుకుతుంది. ఒకటో నంబరు నుంచి కిందికి పేర్చి, ఒక్కోదాని పక్కన పదికి ఇన్ని మార్కులని వేసి ఉంటుంది. నాకు ఇలాంటివంటే ఒళ్ళు మంట. ఉప్పల్ చౌరస్తాలో నిలబడి బిర్యానీ ఎక్కడ బాగుంటుందని నలుగురిని అడిగితే నాలుగు హోటళ్ళ పేర్లు చెబుతారు. లోకం మొత్తం కలిసి ఒక సినిమాను నెత్తిన పెట్టుకుందంటే నమ్మేదెలా? అయినా ఆ వరుసను పట్టుకునే మా అక్కను రెండేళ్ళ దాకా డయాలిసిస్‌కు తీసుకెళ్ళగలిగాను. ఇప్పుడు అక్క లేదు. సినిమాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి, మార్కులతో సహా.

అక్క నాకంటే చాలా పెద్దది. అమ్మ పొద్దంతా చేనులో ఉండేది కాబట్టి నన్ను చంకనేసుకుని పెంచింది అక్కే. మాది నాచారమే. ఇప్పుడు ఫ్యాక్టరీ షెడ్లు, అపార్ట్‌మెంట్లు ఉన్నచోట మా నాన్న కూరగాయలు పండించేవాడు. కలుపు తీయడానికి ఆడ కూలీలు దొరక్క ఆయన తల పట్టుకునేవాడు. ఆ సమస్య తీర్చింది అక్క. ఉప్పల్‌లో మ్యాట్నీ చూసొచ్చి, మర్నాడు చేనులో కలుపు తీస్తూ కూలీలకు సినిమా మొత్తం చెప్పేది. పాటల దగ్గర పాడేది, ఫైటింగుల దగ్గర కొడవలి ఊపేది. సరిగ్గా క్లైమాక్స్ ముందు ఆగి, "మిగిలింది రేపు" అని లేచి చీర దులుపుకునేది. ఆడవాళ్ళు తిట్టుకుంటూ మర్నాడు మా చేనుకే వచ్చేవాళ్ళు. పక్క చేనువాళ్ళు ఎక్కువ కూలి ఇస్తామన్నా కదిలేవాళ్ళు కాదు.

అలాంటి మనిషికి షుగర్ వచ్చి మెల్లగా కిడ్నీలు పోయాయి. వారానికి మూడు రోజులు, వెళ్ళినప్పుడల్లా నాలుగు గంటలు మిషన్ మీద ఉండాలన్నారు. అక్కకూ బావకూ పిల్లలు లేరు. బావకు నాచారంలో కిరాణా కొట్టు. పగలు కొట్టు వదిలి రాలేడు. నేను అప్పటికే రిటైరై ఇంట్లో అందరి మీదా విసుక్కుంటూ కాలక్షేపం చేస్తున్నాను కనుక ఆ పని నా మీద పడింది. పడింది అనడం కూడా తప్పే, నేనే మీద వేసుకున్నాను.

రామంతాపూర్ వెళ్ళే దారిలో ఒక మేడ మీద ఉండేది ఆ డయాలిసిస్ సెంటర్. వరుసగా మంచాలు, ఒక్కో మంచం పక్కన ఒక్కో మిషన్. చేతికి రెండు లావాటి సూదులు గుచ్చి, రక్తాన్ని గొట్టంలోంచి తీసి కడిగి మళ్ళీ లోపలికి పంపిస్తారు. ఆ చెయ్యి కదపకూడదు. అక్కకు ఒకచోట కూర్చోవడమే చేతకాదు. మొదటి నెల గడిచేసరికి మొండికేసింది.

"నేను రానుపో. గొడ్డును గుంజకు కట్టేసినట్టు కట్టేస్తున్రు."

"రాకపోతే ఎట్లక్కా?"

"రాకుంటే ఏమైతది? సస్త. గంతేగద."

ఒకసారి నిజంగానే రాలేదు. మర్నాటికి ఊపిరాడక ఒళ్ళంతా వాచిపోయి, నేనూ బావా ఆమెను ఆటోలో వేసుకుని పరుగెత్తాం. ఆ రోజు ఆటోలో అక్క నా చొక్కా పట్టుకుని దారంతా ఎగశ్వాస పీల్చింది. మళ్ళీ ఇలా జరగకూడదనుకున్నాను. బతిమాలితే వినే మనిషి కాదు, కోప్పడితే అసలే వినదు. అప్పుడు గుర్తొచ్చింది ఆ వరుస.

"లోకంలో అందరికంటే మంచి సినిమాలంట, సూస్తవా?" అన్నాను మంచం పక్కన స్టూలు వేసుకుంటూ.

"ఎవలు జెప్పిన్రు?"

"జనాలే మార్కులు ఏసిన్రు."

"మనల్ని ఎవలన్న అడిగిన్రా?"

అడగలేదని ఒప్పుకున్నాను. "అయితే మనం గూడ ఏద్దాం తియ్" అంది.

ఇయర్‌ఫోన్ ఒకటి ఆమె చెవిలో, ఒకటి నా చెవిలో. అందులో చాలా సినిమాలు మనకు తెలియని భాషల్లో ఉంటాయి. కింద ఇంగ్లీషులో అక్షరాలు పడుతుంటాయి. అవి చదివి తెలుగులో ఆమె రెండో చెవిలో చెప్పడం నా పని. మొదట్లో నా చదువంతా ఒలకబోశాను. ఒక కథానాయకుడు రైలు దగ్గర ప్రియురాలితో ఏదో అంటుంటే, "నీవు లేని జీవితం నాకు శూన్యం" అని చెప్పాను. అక్క నా వైపు తిరిగి చూసింది.

"గిట్ల ఎవలు మాట్లాడ్తర్రా? మీ ఆఫీసులనా?"

అప్పటి నుంచి దారికొచ్చాను. దొరలు, రాజులు, అమెరికా పోలీసులు, జపాన్ రైతులు అందరూ నా నోటి వెంట నాచారం యాసలోనే మాట్లాడారు. పక్క మంచంలో ఉండే ముసలాయన కూడా చెవి ఇటు పెట్టి వినేవాడు. గొంతు తగ్గిస్తే, "జర గట్టిగ జెప్పు బిడ్డా" అని అడిగేవాడు.

నాలుగు గంటల్లో ఎంత పెద్ద సినిమా అయినా పూర్తవుతుంది. అదే చిక్కు. పూర్తయితే మళ్ళీ రావడానికి ఆమెకు కారణం ఉండదు. అందుకని ముందే ఆలస్యం చేసేవాణ్ణి. టీ తాగొస్తానని వెళ్ళేవాణ్ణి, ఫోన్ ఛార్జింగ్ అయిపోయిందనేవాణ్ణి, మధ్యలో ఆపి ఏదో ఒక వాదం పెట్టుకునేవాణ్ణి. మిషన్ ఆగే వేళకు సినిమా సరిగ్గా క్లైమాక్స్ ముందుకు వచ్చేది. ఫోన్ ఆపి జేబులో పెట్టుకునేవాణ్ణి.

"క్లైమాక్స్ వచ్చేసారికి" అన్నాను మొదటిసారి, ఒక జైలు సినిమాను ఆపి.

అక్క సూదులు తీసిన చోట దూది అదిమి పట్టుకుని, కాసేపు నా మొహంలోకి చూసి నవ్వింది.

"నాయిన చేన్ల నేను చేసిన పనే గదరా ఇది. నా దగ్గర్నే నేర్సి నా మీదనే ఏస్తున్నవా?"

పట్టుబడ్డాను. అయినా ఆమె పట్టించుకోలేదు. తర్వాతి రోజు నేను ఆటో తీసుకుని వెళ్ళేసరికి తయారై, సంచి ఒళ్ళో పెట్టుకుని వాకిట్లో కూర్చుని ఉంది. "ఆ జైలుకాడ ఏమైందో సూడాలె నడువ్" అంది. నా ఎత్తు పారిందని మురిసిపోయాను. అసలు సినిమాను ఇంట్లో టీవీలో పెడతానని బావ ఒకసారి అంటే, అక్క ఒప్పుకోలేదు. "అది మిషన్ కాడ సూసేది" అందట. అది విని నేను ఇంకా మురిసిపోయాను.

అలా సాగింది. వరుసలో పైనున్నవాటికి అక్క వేసే మార్కులు చూస్తే ఓట్లు వేసిన లోకం ఉరేసుకోవాలి. ఆమెకు కథ కంటే నీళ్ళు ముఖ్యం. డయాలిసిస్ మనుషులు రోజంతా కలిపి ఒకటి రెండు గ్లాసుల కంటే ఎక్కువ తాగకూడదు. అక్క ఎండాకాలంలో నాలుక పిడచగట్టి ఐసుముక్క చప్పరిస్తూ ఉండేది. అందుకని తెర మీద ఎవరు గ్లాసు పట్టుకున్నా చూపు అక్కడికే పోయేది. ఒక పెద్ద గూండా నాయకుడు తన శత్రువును చంపమని ఆజ్ఞ ఇచ్చే సీను, దాని గురించి పుస్తకాలు రాశారని నేను చెబుతుంటే, ఆమె నా మాట వినకుండా, "సూడు ముండాకొడుకు, సగం తాగి గ్లాసు అట్లనే ఇడిసిపెట్టిండు" అంది. ఆ సినిమాకు రెండు మార్కులు వేసింది. వాన పడే సినిమాలకు మాత్రం ఎంత నీరసంగా ఉన్నా ఏడుకు తగ్గలేదు.

నేను నవ్వేవాణ్ణి కానీ, ఇంటికి వచ్చాక చెంబెత్తి నీళ్ళు తాగాలంటే సిగ్గుగా ఉండేది.

రెండో ఏడు సగం గడిచేసరికి అక్క గుండె బలహీనపడింది. మిషన్ మీద ఉండగానే బీపీ పడిపోయేది. మాట్లాడుతూ మాట్లాడుతూ కళ్ళు తేలేసేది. నర్సు పరుగెత్తుకొచ్చి మంచం కాళ్ళ వైపు ఎత్తేది. చేతిలో రక్తనాళం మూసుకుపోతే మెడలో గొట్టం వేశారు. అక్కడ చీము పట్టింది. ఇంకోవైపు వేశారు. నొప్పికి అక్క దుప్పటి అంచు నోట్లో పెట్టుకుని కొరికేది. అది అయ్యాక కళ్ళు తుడుచుకుని, "పెట్టురా సిన్మా" అనేది. నేను పెట్టేవాణ్ణి. ఆమె సగం సినిమా నిద్రలోనే ఉండేది. లేచినప్పుడల్లా నేను వెనక్కి జరిపి, పోయిన కథ చెప్పేవాణ్ణి.

డాక్టరు ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, ఇక ఇది ఆమెను బతికించడం కంటే బాధపెట్టడమే ఎక్కువ అవుతోందని, ఆలోచించుకోమని నెమ్మదిగా చెప్పాడు. నేను ఆలోచించలేదు. అక్కకూ చెప్పలేదు, బావకూ చెప్పలేదు. ఆ రోజు సినిమా ఇంకా ముందే ఆపేశాను, ఎక్కువ మిగిలితే మంచిదని.

చివరగా మేం చూసింది ఒక నలుపు తెలుపు సినిమా. వరుసలో ఎక్కడో మధ్యలో ఉంది, ఏ దేశానిదో కూడా నాకు సరిగ్గా తెలియదు. ఎండిపోయిన ఊళ్ళో ఒకడు బావి తవ్వుతుంటాడు. రోజూ తాడు పట్టుకుని దిగుతాడు, భార్య పైనుంచి మట్టి తట్టలు లాగుతుంది. ఊరివాళ్ళు వచ్చి చూసి, నీళ్ళు పడవని చెప్పి పోతుంటారు. మాటలు తక్కువ. అక్క ఆ రోజు నిద్రపోలేదు. కళ్ళు తిప్పకుండా చూసింది. చివర్లో ఒకరోజు అతను దిగాక తాడు చాలాసేపు కదలదు. భార్య వంగి లోపలికి చూస్తుంది. అక్కడ ఆపి ఫోన్ జేబులో పెట్టుకోబోయాను.

అక్క నా మణికట్టు పట్టుకుంది. ఆ చేతిలో బలం లేదు.

"ఇయ్యాల ఆపకు."

"వచ్చేసారికి ఉంచుదాం అక్కా. ఇంక టైం గూడ అయితాంది."

"ఉన్నది టైం. పెట్టు."

నాకు అర్థమైంది. అర్థం కానట్టు మొహం పెట్టి, ఛార్జింగ్ లేదన్నాను. ఇంత వయసొచ్చి అంతకంటే మంచి అబద్ధం దొరకలేదు.

"తమ్మీ, నేను క్లైమాక్స్ కోసం వస్తున్న అనుకున్నవారా?" అంది. కోపంగా కాదు, చిన్నప్పుడు నాకు అన్నం తినిపించేటప్పటి గొంతుతో. "ఆ జైలుల ఎవడు సస్తే నాకేంది, ఎవడు బతికితే నాకేంది. నువ్వు ఫోన్ ఆపి నా దిక్కు సూస్తుంటివి సూడు, వస్తదో రాదో అని. ఆ మొఖం సూసి కాదన బుద్ధి గాకపోతుండె. గందుకే వచ్చిన ఇన్నొద్దులు. ఇగ నాతోని గాదురా."

రెండేళ్ళుగా నేనే ఆమెను లాక్కొస్తున్నానని అనుకున్నాను. సూదులు, గొట్టాలు, దాహం అన్నీ నా కోసం ఓర్చుకుంది. నాకు ఏడుపొచ్చింది. పక్క మంచం ముసలాయన అటు తిరిగి పడుకున్నాడు, చూడనట్టు.

"ఏడ్వకు. పెట్టు. నీళ్లు పడ్డయా లేదా సూద్దాం."

పెట్టాను. నీళ్ళు పడ్డాయి. బురద నీళ్ళు. ఊరివాళ్ళంతా ఎగబడ్డారు, అరిచారు, ఒకరి మీద ఒకరు చల్లుకున్నారు. తవ్వినవాడు మాత్రం పైకొచ్చి ఒక పక్కన కూర్చుని, కాళ్ళకు అంటిన మట్టిని పుల్లతో గీక్కుంటున్నాడు. భార్య వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. కాబట్టి నేను చెప్పాల్సింది కూడా ఏమీ లేకపోయింది. పేర్లు పడేదాకా ఇద్దరం చూశాం.

"ఎన్ని మార్కులు?" అని అడిగాను. ఏదో ఒకటి అడగాలి కదా.

"మార్కులెందుకురా. మంచిగున్నది" అంది అక్క. ఇయర్‌ఫోన్ తనే తీసి నా అరచేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం డాక్టరు చెప్పిన మాట బావకు చెప్పాను. ఆయన కొట్టులో పప్పు తూకం వేస్తున్నాడు. అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి, "నాతోని పోయిన్నెలనే అన్నది బామ్మర్దీ, ఇగ సాలని. నీకు తనే చెప్తనన్నది" అన్నాడు. ఆ తర్వాత తక్కెడ సర్దుకుంటూ ఉండిపోయాడు. నా మీద ఆయనకు కోపం వచ్చి ఉంటే బాగుండేది.

తర్వాతి డయాలిసిస్ రోజు పొద్దున్నే నేను ఆటో తీసుకునే వెళ్ళాను. మనసు మారుతుందేమోనన్న ఆశ. మొండిమనిషే, కానీ రానని మళ్ళీ వచ్చిన రోజులు లేవా. కొత్త సినిమా కూడా వెతికి పెట్టుకున్నాను, వాన చాలా ఉన్నది. అక్క వాకిట్లో లేదు. లోపల మంచం మీద గోడకు ఆనుకుని ఉంది. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని ఉంది. మొహం ఉబ్బింది కానీ తేటగా ఉంది. పక్కన సంచి లేదు.

"అక్కా, పోదామా?" అన్నాను.

"సిన్మా అయిపాయె గదరా" అంది. మంచం మీద కొంచెం జరిగి, నాకు చోటిచ్చింది.

నేను బయటికెళ్ళి ఆటో అతన్ని పంపించేసి వచ్చాను.