వేలు చూపిన పిందె

నా చిన్నప్పుడు తాండూరులో మా ఇంటి పెరడంటే నాకు ప్రాణం. ఒక్క ఏడు వానాకాలంలో మాత్రం అందులో అడుగు పెట్టాలంటే భయమేసేది. నిజాం దొరతనం పోయి కొన్నేళ్లయిన రోజులవి.

పెరడు పెద్దదేం కాదు. పక్కింటికీ మాకూ మధ్య నిలబెట్టిన నాపరాళ్ల గోడ, కందికట్టెతో కట్టిన పందిరి, అంతే. కానీ వానలు పడ్డాక చూడాలి దాని సోకు! పొద్దున్నే గుమ్మడి పూలు విచ్చుకునేవి, సాయంత్రానికి బీరపూలు. గోడవారగా బంతి, గునుగు. బతుకమ్మ వస్తోందంటే వాడలోని ఆడపిల్లలంతా మా పెరటి మీదే కన్నేసేవారు. గోడ దాటి పాకిన తీగకు ఏది కాసినా పక్కింటివాళ్లదే. ఆ ఇంట్లో ఒక ముస్లిం ఆవిడ ఉండేది. పిల్లల్లేరు. అమ్మకు అక్కలాంటిది, నాకు ఖాలమ్మ.

మా నాయనమ్మకు ఒకటే పట్టింపు, పిందెను వేలెత్తి చూపకూడదు. "వేలు జూపితే రాలుతదే! జూపాలంటే మడిచి జూపు" అనేది. మేమంతా వేలు మడిచే చూపేవాళ్లం.

ఆ యేడు అమ్మ నిండు నెలలతో ఉంది. ఒకనాడు పొద్దున ఆకుల చాటున నిగనిగలాడే గుమ్మడిపిందె కనబడేసరికి ఒళ్లు మరిచి, "అమ్మా, గా పిందె జూడే!" అని వేలు చాపాను. ఆ సంబరంలోనే అదే వేలు అమ్మ పొట్ట మీద పెట్టి, "లోపట తమ్ముడున్నడా, చెల్లెనా?" అని అడిగాను. అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను.

కొద్దిరోజులకు ఆ పిందె పసుపుపచ్చబడి, మెత్తబడి, రాలిపోయింది.

దాన్ని చేతిలోకి తీసుకోగానే అదే వేలు అమ్మ పొట్ట మీద పెట్టిన సంగతి గుర్తొచ్చింది. పిందె పోతే పోయింది, అమ్మ పొట్ట సంగతేమిటి? ఎవరికి చెప్పను? చెబితే నాయనమ్మ చంపేస్తుంది. చెప్పకపోతే లోపలి బిడ్డ ఏమవుతుందో! అన్నం సహించలేదు. లేవగానే పందిరి కిందికి పరుగెత్తి మిగతా పిందెలు చూసుకునేదాన్ని. ఇంకొకటి రాలిందా, ఆ పూటంతా అమ్మ కొంగు వదిలేదాన్ని కాదు. అమ్మ నడుం పట్టుకుని "అబ్బా" అంటే నా పై ప్రాణాలు పైనే పోయేవి. ఆ వేలిని పిడికిట్లో దాచుకునే తిరిగాను. ఏం పిచ్చో!

ఒక మధ్యాహ్నం అమ్మకు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని వచ్చి తలుపు వేసింది. వేడినీళ్లు మోస్తున్న నాయనమ్మ మొహంలో నెత్తుటి చుక్క లేదు. లోపల్నుంచి అమ్మ అరుపులు. పొద్దు వాలుతున్నా బిడ్డ ఏడుపు వినబడదు. నేను పందిరి కింద నక్కి చెవులు మూసుకున్నాను.

ఖాలమ్మ నన్ను వెతుక్కుంటూ అక్కడికే వచ్చింది. ఆమెను చూడగానే ఆగలేక, వెక్కుతూ అంతా చెప్పేశాను. "నేనే జంపిన ఖాలమ్మా, తమ్ముణ్ణి నేనే జంపిన!"

ఆమె కోప్పడలేదు, నవ్వనూ లేదు. నా పిడికిలి విప్పి ఆ వేలిని తన అరచేతిలో పట్టుకుంది. మెల్లగా అంది. "నేనెన్నడు ఏ పిందెకు వేలు జూపలే బేటీ. అందరు జెప్పినయన్ని ఇన్న. అయినా నా కడుపుల ముగ్గురు పోయిన్రు. ఏ వేలు జేసింది జెప్పు? కొన్ని పిందెలు రాల్తయి, కొన్ని నిలుస్తయి. నువ్వు ఫికర్ జెయ్యకు."

భయం పోయిందని అబద్ధమెందుకు చెప్పాలి? పోలేదు. కానీ ఆమె నా వేలు వదల్లేదు. దీపాలు పెట్టే వేళకు లోపల బిడ్డ కేర్‌మంది. చెల్లె! నాకంటే ముందు ఖాలమ్మే ఏడ్చింది. పిల్లలు నిలవకపోవడానికి ఇంట్లోవాళ్లు ఆమెనే తప్పుపట్టేవారని పెద్దయ్యాక తెలిసింది.

ఇప్పటికీ చుట్టాల్లో ఎవరికైనా కడుపు పోతే, "ఏం తిన్నవ్, యాడ తిరిగినవ్, ఏం బరువు లేపినవ్" అని చుట్టూ చేరి అడిగేవాళ్లే అందరూ. నేనూ వెళతాను, ఏమీ అడగను. "నువ్వేం జెయ్యలే బిడ్డా" అని పక్కన కూర్చుంటాను. ఖాలమ్మకు ఆ మాట ఎవరైనా చెప్పారో లేదో. నేనైతే చెప్పలేదు, అప్పుడు నాకు చెప్పడం రాలేదు.